చావిడి దూలం మా ఇంట్లో ఉన్న రోజులు

నేను కాపురానికి వచ్చిన రోజు ఒకటే వాన. తాడేపల్లిగూడెంలో రైలెక్కి, ఏలూరులో దిగి, అక్కడ కాలవ రేవులో పడవెక్కాం. పడవ కొల్లేటి అంచుకు చేరేసరికి ఆకాశానికి చిల్లు పడ్డట్టు మొదలైంది. నా ఒంటి మీద పెళ్లి పట్టుచీర, పక్కన మావారు, ఎదురుగా సారె బుట్టలు. పడవలో ఉన్న ఒక పెద్దావిడ నా మొహం చూసి, "బెంగపడకమ్మా, చావిడి వచ్చేస్తోంది" అంది. పడవ నడిపే ఆయన గెడ వేస్తూ, "ఆయ్, చావిడి వచ్చేసిందండీ" అన్నాడు. మావారు కూడా అవునన్నట్టు తలూపారు.

చావిడి అన్నాక దానికో కప్పు ఉంటుంది గదా అనుకున్నాను. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. పడవ ఒడ్డుకు తగిలిందో లేదో, ఒక్క గెంతులో దిగాను. ఎదురుగా నాలుగు రాతి దిమ్మలు, వాటి మధ్య బురద, ఒక దిమ్మ మీద తడిసి ముద్దయిన మేక. ఇంకేమీ లేదు.

"చావిడి ఏదండీ?" అన్నాను.

"ఇదే" అన్నారు మావారు.

"ఏదీ?"

"ఇదేనే. నువ్వు నిలబడ్డది చావిడి మధ్యలోనే."

కొత్త పెళ్లికూతురు నోరు మెదపకూడదంటారు గానీ, నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. "కప్పు లేదు, గోడ లేదు, స్తంభం లేదు. దీన్ని చావిడి అనడానికి మీ ఊరివాళ్లకు నోరెలా వచ్చిందండీ?" అన్నాను. పడవలో వాళ్లంతా విన్నారు. ఆ సాయంత్రానికి ఊరంతా విన్నది. మోకాళ్ల దాకా బురదతోనే కుడికాలు ముందు పెట్టి అత్తవారింట్లో అడుగుపెట్టాను.

ఆ ఊరి తీరే అంత. సంత ఉంది, బియ్యం మిల్లు ఉంది, పోస్టాఫీసు ఉంది, మిషను వాళ్ల బడి ఉంది. ఎవరిల్లు ఎక్కడని అడిగినా "చావిడికి ఎడమ పక్క" అనో, "చావిడి ఎదురు సందు" అనో చెప్పేవారు. పుట్టింటి నుంచి మా నాన్నగారు రాసే కార్డుల మీద కూడా "చావిడి దగ్గర" అనే ఉండేది. లేని చావిడి చుట్టూ ఊరంతా తిరుగుతుంటే నాకు మొదట్లో నవ్వొచ్చేది. తరవాత ఒళ్లు మండేది. ఏలూరు పడవ కోసం ఆడవాళ్లు ఎండలో పిల్లలకు కొంగు కప్పుకుని ఆ దిమ్మల మీద కూర్చునేవారు. లంక గ్రామాల నుంచి దోనెల మీద వచ్చే బాలింతలకు కూడా అదే గతి.

ఒకరోజు వంటింటి అరుగు మీద ఇద్దరం బూడిదతో కొరమీను తోముతుండగా అడిగేశాను. "అసలు ఇక్కడ చావిడనేది ఎప్పుడైనా ఉందా అత్తయ్యగారూ?"

మా అత్తగారు సన్నగా, తాడులా ఉండేవారు. మాట తక్కువ, మొదలుపెడితే మాత్రం కొండవీటి చేంతాడే. బూడిద చెయ్యి కడుక్కుని కూర్చున్నారు.

మొదటి చావిడి పడవల వాళ్లు వేసుకున్నదట. నాలుగు తాటిమొద్దులు పాతి పైన తాటాకు కప్పారు. గాలి ఎదురుగా వీస్తే పడవలు కదలవు గదా, అప్పుడు వండుకు తినడానికి. ఒక ఎండాకాలం ఎవరో చేపలు కాల్చుకుంటుంటే నిప్పురవ్వ ఎగిరి కప్పంటుకుంది. చేపలు కాలాయి, చావిడీ కాలింది. దాన్ని ఊళ్లో ఇప్పటికీ కాలిన చావిడి అనే అనేవారు. చిన్నప్పుడు దాని బూడిద నీళ్ల మీద తేలుతుంటే చూశానని అత్తగారు చెప్పారు.

రెండోది పెంకుల చావిడి. ఆ కాలంలో ధాన్యానికి మంచి ధర. ఊరివాళ్లు పోటీపడి కట్టారు. రాతి దిమ్మల మీద నగిషీ స్తంభాలు, రెండు రెక్కల తలుపు, చుట్టూ బల్లలు. అన్నిటికీ మించి మధ్య దూలం. రంగూను టేకు. కాకినాడ రేవులో దిగి, కాలవల్లో తేలుతూ, పడవ వెనక కట్టుకుని వచ్చిందట. ఆ దూలాన్ని పైకెత్తడానికి అన్ని పేటలవాళ్లూ వచ్చి భుజం పట్టారు. "ఆ దూలం ఎక్కిన రోజు ఊరికి పెళ్లనుకో" అన్నారు అత్తగారు. ఆ మాట అంటుంటే ఆవిడ మొహంలో అప్పటి వెలుగు కనబడింది.

"మరి ఏమైంది?"

"వరదొచ్చింది. ఇంకేమవుతుంది?"

కొల్లేరు ఊళ్లోకి వచ్చిన ఏడు అది. నేను ఎరగని మా మామగారు ఏలూరులో చిక్కుపడిపోయారు. ఇంట్లో ఆవిడ ఒక్కరే, ఉయ్యాల్లో నెలల పిల్లాడు. ఆ పిల్లాడు మావారు. అంతకు ముందు పుట్టిన వాళ్లెవరూ ఆవిడకు దక్కలేదు. నీళ్లు అరుగు ఎక్కాయి, గడప దాటాయి. నానిన గోడ జారి ఇంటి నడిమి మొద్దు ఒక పక్కకు ఒరిగింది. కప్పు ఉయ్యాల మీదకు దిగుతోంది. పిల్లాణ్ణి చంకనేసుకుని వాకిట్లోకి వస్తే, చావిడి దూలం నీళ్ల మీద తేలుతూ వచ్చి అరుగు స్తంభానికి ఢీకొని ఆగింది. నూతి చేంతాడు తెచ్చి ఆవిడ దాన్ని స్తంభానికి కట్టేశారు. తాటి దోనె మీద పోతున్న ఇద్దరు బెస్తవాళ్లు చూసి, దాన్ని లోపలికి తోసి, నీళ్లే సాయంగా ఒరిగిన కప్పుకు అడ్డంగా ఎత్తిపెట్టారు. కప్పు నిలిచింది. నీళ్లు తీసేదాకా తల్లీ కొడుకూ దాని కిందే అటక మీద ఉన్నారు.

వరద తీశాక ఊరి పెద్దలు చాటింపు వేయించారట. చావిడి తాలూకు కర్ర గానీ, పలక గానీ ఎవరికి దొరికితే వాళ్లు జాగ్రత్తగా దాచాలి, మళ్లీ కట్టినప్పుడు తెచ్చి ఇవ్వాలి అని. మా ఊరివాళ్లంత మాట మీద నిలబడే జనం ఎక్కడా ఉండరు. దాచారు. అయితే కొల్లేటి తేమకు బయట పెట్టిన కర్ర చెదల పాలవుతుంది గదా. కర్ర చెడకూడదంటే ఇంట్లో వాడకంలో ఉండాలి. అందుకని ఎవరికి దొరికింది వాళ్లు ఇంట్లో బిగించేసుకున్నారు! జాగ్రత్త అంటే అదీ జాగ్రత్త.

మా ఇంటి నడిమి దూలం అదే. మధ్యలో రెండు ఇనప కొక్కేలు, ఉయ్యాలకు. అత్తగారు పొద్దున్నే లేచి తల దువ్వుకోకముందే దాని వైపు ఒకసారి చూసేవారు. దేవుడి గూడు వైపు చూడటం ఆ తరవాతే.

మూడోది రేకుల చావిడి. చందా తక్కువొచ్చిందని ఏలూరు నుంచి రేకులు తెచ్చి సరుగుడు కర్రల మీద వేశారు, దాచినవి అడిగే అవసరం రాలేదు. ఎండకు కింద కూర్చున్నవాళ్లు వేగిపోయేవాళ్లు, గాలికి అది ఊళపెట్టేది. నేను రావడానికి ముందటి ఏడాది తుఫానులో అది గాల్లోకి లేచి కొల్లేట్లో పడింది. రేకులు ఏ లంకలో తేలాయో తెలియదు. "పీడ విరగడైంది" అన్నారు అత్తగారు. మిగిలినవి నా పెళ్లిచీర చూసిన నాలుగు దిమ్మలు.

నేను వచ్చిన మరుసటి ఏడు మాఘంలో ఊరు కదిలింది. ఎలా కదిలిందంటే, నా నోటివల్లనే అని మావారు అనేవారు. "చావిడి అనడానికి నోరెలా వచ్చింది" అన్న నా మాట ఊళ్లో సామెతైపోయింది. సంతలో కుళ్లిన వంకాయలు అమ్మితే, "వీటిని వంకాయలనడానికి నోరెలా వచ్చిందండీ?" అనేవారు. పెద్దలకు రోషం వచ్చింది. ఈసారి మిద్దె చావిడి కడదాం, నిప్పుకు కాలదు, గాలికి లేవదు అన్నారు. ఏలూరు నుంచి మేస్త్రి గారిని పిలిపించారు. సాయిబుల పెద్దాయన, తెల్లగడ్డం, మెత్తటి మాట. దిమ్మల చుట్టూ తిరిగి, "కట్టొచ్చండీ. వానల ముందు మిద్దె మీద సున్నం దిమ్మిస కొట్టడం పూర్తయిపోవాలండీ. లేకపోతే వచ్చే ఏడాదేనండీ" అన్నారు.

ధాన్యం ధర అడుగంటిన రోజులవి. కొత్త టేకు కొనే తాహతు ఊరికి లేదు. పెద్దలు మళ్లీ చాటింపు వేయించారు. దాచినవన్నీ తెచ్చి ఇవ్వండహో అని.

ఆ తరవాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు! పొద్దున్నే వీధిలో చప్పుడు. తలుపు తీసి చూస్తే ఊరు ఊరంతా తన ఇళ్లు తానే విప్పుకుంటోంది. ఎదురింటి వాళ్లు గేదెల సావిడి నుంచి నగిషీ స్తంభం ఊడబీకుతున్నారు. గేదె అయోమయంగా వీధిలో నిలబడింది. పోస్టాఫీసు పక్కింటాయన పడుకునే మంచానికి చావిడి బల్ల బిగించుకున్నాడు. మంచం విప్పేసి బల్ల భుజానేసుకుని, "ఇవాళ్టి నుంచి కింద పడకేనండోయ్" అంటూ పరిగెత్తాడు. కోళ్లగూడు మీద పెంకులు, పొయ్యి పక్క పలకలు, దొడ్డివాకిలి గడపలు. మిషను పేటవాళ్లు గుడిలో ప్రసంగపు బల్ల చేసుకున్న తలుపు రెక్కను పాటలు పాడుకుంటూ ఊరేగింపుగా తెచ్చారు. ఆ ఆదివారం పాస్టరుగారు నేల మీద నిలబడే వాక్యం చెప్పారట. రెండో రెక్క ఎవరింట్లో ఉందో తెలిసేసరికి సాయంత్రమైంది. మిల్లులో ఎలుకల బోను మీద మూతగా ఉంది!

నేను వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టాను. నాకప్పుడు మూడో నెల దాటింది. "లోపలికి రావే అమ్మాయ్" అని అత్తగారు పిలుస్తూనే ఉన్నారు. ఎవరు వెళ్తారు?

రెండు రోజుల్లో చావిడి దిమ్మల దగ్గర అన్నీ గుట్టపడ్డాయి. రాని వస్తువు ఒకటే. మధ్య దూలం.

అది ఎక్కడుందో ఊళ్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. ఎవరూ అడగలేదు. అడగరు. కడుపుతో ఉన్న కోడలున్న ఇంట్లో మేకు కూడా కొట్టకూడదు, గోడ కదపకూడదు. కదిపితే కడుపులో బిడ్డకు చేటు. ఇది మా వైపు అందరూ పాటించే మాట. మరి ఇంటి నడిమి దూలం దించడమా? పైగా మా అత్తగారు పిల్లల్ని పోగొట్టుకున్న ఇల్లాలు. పెద్దలు మా వీధిలోంచి వెళ్లేటప్పుడు మా కప్పు వైపు చూడకుండా తలలు వంచుకుని వెళ్లేవారు. నాకది చూసి ఒళ్లు మరింత మండింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, చావిడి కోసం అందరికంటే ఎక్కువ నోరు చేసుకున్న నేనే దానికి అడ్డమై కూర్చున్నాను.

"ఇచ్చేద్దాం అత్తయ్యగారూ. నాకేమీ కాదు" అన్నాను.

ఆవిడ బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టారు. "నీకేమీ కాదే. నీకెందుకవుతుంది? గుండ్రాయిలా ఉన్నావు. నా భయం నా మనవడి గురించి. నాకు పుట్టినవాళ్లలో ఆ దూలం కింద పడుకున్నవాడొక్కడే దక్కాడు. నీ బిడ్డ ఉయ్యాల కూడా దానికే కట్టాలని నేను వెయ్యి దేవుళ్లకు మొక్కుకున్నాను. కాన్పయ్యేదాకా దాని జోలికి రావద్దు."

"కాన్పయ్యేసరికి వానలొచ్చేస్తాయండీ. మేస్త్రి గారు వెళ్లిపోతారు."

"వెళ్లనీ."

మావారిని అడిగితే ఎప్పటిలాగే "చూద్దాం" అన్నారు. ఆయన మిషను బడిలో పంతులు. ఇల్లు కాలుతున్నా చూద్దాం అనే రకం. నేను అన్నం మానేస్తానన్నాను. ఒక పూట మానేశాను కూడా. కడుపులో బిడ్డ ఊరుకోలేదు, సాయంత్రం రెండు పూటలదీ కలిపి తిన్నాను.

మర్నాడు మా ఇంటికి సాయిబుల వీధి నుంచి ఒక ముసలావిడ వచ్చారు. వాళ్లు తివాచీలు నేసేవాళ్లు. ఏలూరు నుంచి ఎప్పుడో వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డారు. అత్తగారికీ ఆవిడకీ చిన్నప్పటి నుంచీ స్నేహం. చావిడి స్తంభాలు రెండు వాళ్ల మగ్గానికి నిలువు కర్రలుగా ఉండేవి. అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ, "మొన్ననే ఇచ్చేశామమ్మా. సగం నేసిన తివాచీ చుట్టి మూల పడేశాం" అన్నారు.

"మగ్గం ఆపేశారా?" అన్నారు అత్తగారు, నమ్మలేనట్టు.

"ఆపక? చావిడివే గదమ్మా. ఎన్నేళ్లు నేసుకున్నాం వాటి మీద! అది కాదు, అవి తీస్తుంటే నాకు ఏడుపొచ్చింది సుమా. ఇంట్లో పిల్లను పంపుతున్నట్టనిపించింది."

ఆవిడ వెళ్లిపోయాక అత్తగారు చాలాసేపు పైకి దూలం వంకే చూస్తూ కూర్చున్నారు. నేను కూడా నోరు కట్టుకున్నాను. నా జన్మలో అదొక వింత. చివరికి ఆవిడ లేచి, "ఏమే" అన్నారు. "ఇంటి దూలాన్ని కదపకూడదు. నిజమే. కానీ అది మన ఇంటిది కాదుగా? చావిడిది. మన ఇంట్లో ఉండటానికి వచ్చింది. చుట్టం వెళ్తానంటే సాగనంపితే ఇల్లు కదిపినట్టా?"

"కాదత్తయ్యగారూ!" అని అరిచాను.

"అరవకే. లోపలున్నది ఉలిక్కిపడుతుంది. నిండింట్లోంచి ఆడపిల్లను పంపినట్టే పంపుతాను. అప్పుడు ఏ దోషమూ ఉండదు." ఆవిడ గొంతు గట్టిగానే ఉంది. చెరిగిన బియ్యమే మళ్లీ చాటలో పోసుకుని చెరగడం మొదలుపెట్టారు. అంత భయంతో ఇస్తున్నారని నాకు అప్పుడు పూర్తిగా తెలియదు. నా సంబరంలో నేనున్నాను.

ఆ శుక్రవారం చూడాలి మా ఇల్లు! తెల్లారేసరికి వాకిట్లో జనం. ముందు తాటి మొద్దు ఒకటి తెచ్చి కప్పు కింద ఊతం పెట్టారు. అన్ని పేటలవాళ్లూ వచ్చారు, ఎన్నో ఏళ్ల కిందట దూలాన్ని పైకెత్తిన రోజు వచ్చినట్టే. ఆనాడు భుజం పట్టినవాళ్లలో కొందరు ముసలివాళ్లయి కర్ర పట్టుకుని వచ్చారు, ఊరికే చెయ్యి వేస్తామని. "హైసా" అన్నారు. తాటాకు దుమ్ము రాలింది. దూలం మెల్లగా కిందకి దిగింది. వాకిట్లో రెండు బల్లల మీద పెడితే అందరం చుట్టూ మూగి చూశాం. పొగచూరి నల్లగా ఉంది గానీ ఒక్క చెద లేదు, ఒక్క పగులు లేదు.

అత్తగారు దానికి పసుపు రాశారు. కుంకుమ పెట్టారు. కొత్త రవికెలగుడ్డ కట్టారు. తరవాత లోపలికి వెళ్లి, ముందు రోజు చేసిన చలిమిడి ముద్ద ఆకులో పెట్టి తెచ్చి దాని మీద ఉంచారు. చలిమిడి చూడగానే వాకిట్లో ఆడవాళ్లందరికీ కళ్లనీళ్లు వచ్చాయి. కూతురికి గానీ పెట్టరు గదా అది. కొందరు నవ్వారు కూడా, దూలానికి చలిమిడేమిటని. వాళ్లూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు.

మేస్త్రి గారు కొక్కేల మీద సుత్తి ఆనించి, "ఇవి ఊడదీసి ఇచ్చేయమంటారా అమ్మగారండీ? మీ ఇంటివే గదండీ" అన్నారు.

"వద్దండీ. ఉండనివ్వండి."

"కింద వేలాడుతూ కనబడతాయండీ."

"కనబడనివ్వండి బాబూ. వాటి జోలికి మాత్రం వెళ్లకండి."

పాత బెంగ అనుకున్నాను నేను. ఆ బెంగను పట్టించుకునే తీరిక నాకెక్కడిది? దూలం వెనక జనంతో పాటు చావిడి దాకా నడిచాను. డప్పు కూడా మోగింది.

ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, చావిడి కట్టి చూడు అనాలి. దూలం ఎక్కింది, వాసాలు పరిచారు, ఇటుకలు పేర్చారు. కొల్లేట్లో నత్తగుల్లలు గంపలకు గంపలు ఏరి బట్టీలో కాల్చారు. గానుగలో ఎద్దు తిరుగుతూ సున్నం నూరింది. మిద్దె మీద సున్నం, ఇటుక ముక్కలు పరిచి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చల్లుతూ చెక్కలతో కొట్టాలి. ఆగకుండా, గట్టిపడేదాకా. ఒకరోజు బెల్లం నీళ్ల తొట్టిలో రాత్రి మూత వేయడం మరిచారు. పొద్దుటికి ఎదురింటి గేదె మూతి పెట్టి తొట్టి ఖాళీ చేసింది. సావిడి స్తంభం పట్టుకుపోయినందుకు కసి తీర్చుకుందని ఊరంతా నవ్వింది. ప్రతి ఇంటి నుంచీ మళ్లీ చిన్న బెల్లం ముక్క వచ్చింది.

దిమ్మిస కొట్టేది ఆడవాళ్లు. వరసగా కూర్చుని, ఒకళ్లు పాట అందుకుంటే మిగతావాళ్లు చెక్క వేస్తూ వెనక్కి కదలాలి. పాట ఆగితే దెబ్బ తప్పుతుంది, దెబ్బ తప్పితే అక్కడ నీళ్లు దిగుతాయి. అందుకని పాటలు అయిపోతే మిషను పేట ఆడవాళ్లు వాళ్ల కీర్తనలు అందుకున్నారు, బెస్త ఆడవాళ్లు వలపాటలు, మిగతావాళ్లం పెళ్లిపాటలు. నన్ను పైకి ఎక్కనివ్వలేదు. కింద దూలం కిందే నిలబడి పాట అందించాను. పైన పడే ప్రతి దెబ్బా నా అరికాళ్లలో తెలిసేది. లోపల బిడ్డ మొదటిసారి కదిలింది అక్కడే. గబుక్కున కడుపు పట్టుకుని, "అత్తయ్యగారూ, తన్నింది!" అని అరిచాను. పైన పాట ఆగిపోయింది. "ఆపకండి, నీళ్లు దిగుతాయి!" అని మేస్త్రి గారు గోల పెట్టారు. అత్తగారు పరిగెత్తుకొచ్చి నా కడుపు మీద చెయ్యి పెట్టి, మరో చెయ్యి దూలం వైపు చాచి, కళ్లు మూసుకున్నారు.

మృగశిర కార్తె జల్లు పడేసరికి మిద్దె నున్నగా అద్దంలా తేలింది. మొదటి వానకు ఊరంతా చావిడిలో దూరి పైకే చూశాం. ఒక్క చుక్క దిగలేదు. అరుపులకు కొల్లేటి పక్షులు లేచిపోయాయి.

ఆషాఢంలో నన్ను పురిటికి తాడేపల్లిగూడెం పంపారు. అత్తగారు పడవ దాకా వచ్చి, ఎప్పుడూ లేనిది, నా బుగ్గలు పట్టుకున్నారు. "జాగ్రత్తే" అన్నారు.

భాద్రపదంలో ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, నాలాగే గట్టి గొంతుతో. కార్తీకంలో బిడ్డనెత్తుకుని మళ్లీ రైలు, మళ్లీ పడవ. మళ్లీ వాన! వాయుగుండమట. కొల్లేరు మీద ఏది నీరో ఏది ఆకాశమో తెలియకుండా ఉంది. బిడ్డను కొంగులో చుట్టి తాటాకు గొడుగు కింద ముడుచుక్కూర్చున్నాను. పడవ నడిపే ఆయన, "అదుగోనండీ చావిడి" అన్నాడు. ఈసారి నిజంగానే కనబడింది. తెల్లగా, వానలో కదలకుండా.

పడవ తగలగానే పరిగెత్తాను. చావిడి లోపల నేల పొడిగా ఉంది. జనం కిక్కిరిసి ఉన్నారు, మేకలూ ఉన్నాయి. నన్ను చూడగానే అందరూ పక్కకు జరిగారు. మధ్యలో, దూలం కొక్కేలకు, మా ఇంటి చెక్క ఉయ్యాల వేలాడుతోంది. మావారు పడుకున్న ఉయ్యాల. దానికి మామిడాకులు, బంతిపూలు. లోపల చిన్న తివాచీ ముక్క. మగ్గం మళ్లీ నిలబెట్టాక మొదట నేసింది అదేనని సాయిబుల ముసలావిడ పక్క నుంచి చెప్పారు. ఉయ్యాల గొలుసు పట్టుకుని మా అత్తగారు.

"పడుకోబెట్టవే" అన్నారు. "నా కొడుకు పడుకున్న దూలం కిందే."

పడుకోబెట్టాను. అప్పటిదాకా పడవలో గుక్కపట్టిన పిల్ల ఠక్కున ఊరుకుని పైకి చూసింది. అత్తగారు వంగి దాని కాళ్లు, చేతులు, వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూశారు. అన్నీ సరిగా ఉన్నాయని తేల్చుకున్నాక, అంతమంది ముందు, స్తంభానికి ఆనుకుని భోరున ఏడ్చారు. దూలం దించిన రోజు నుంచీ ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి దాని కింద నిలబడి వెళ్లేవారని, ఎవరితోనూ ఒక్క మాట అనేవారు కాదని తరవాత మావారు చెప్పారు. నేను ఆవిడను పట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

ఆ సాయంత్రం వాన తగ్గాక బిడ్డనెత్తుకుని ఇంటికి వెళ్లాం. ఉయ్యాల రేపు తెప్పిద్దాంలే అనుకున్నాం. మర్నాడు కుదరలేదు. ఆ మర్నాడూ కుదరలేదు. ఇంట్లో పాత చీర కట్టి పిల్లను అందులో వేశాను. వారం గడిచేసరికి నాకు మళ్లీ కోపం వచ్చింది. మా ఉయ్యాల ఊరి మధ్యలో వేలాడటమేమిటి, మా పిల్ల చీరలో పడుకోవడమేమిటి? తెచ్చేద్దామని నేనే వెళ్లాను.

చావిడిలో ఏలూరు పడవ కోసం చూస్తూ లంక నుంచి వచ్చిన బాలింత ఒకర్తె కూర్చుని ఉంది. ఆమె బిడ్డ మా ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఆమె కాలితో గొలుసు కదుపుతూ, స్తంభానికి తలానించి తనూ కునికిపాట్లు పడుతోంది. బిడ్డ లేవకుండా అడుగులో అడుగేసుకుంటూ తిరిగొచ్చేశాను.

"ఉయ్యాల ఏదే?" అన్నారు అత్తగారు.

చెప్పాను. ఆవిడ చీర ఉయ్యాల్లో మనవరాలిని ఊపుతూ అన్నారు.

"పోనీలే. అదీ చావిడిదే అయ్యుంటుంది. ఇన్నాళ్లూ మనం దాచామంతే."